గాడిలో వదులు

మా బావ హన్మయ్య గుండెలోకి వేసిన తీగ మా దుకాణంలో దొరికే రకం కాదు. ఈ మాట ముందే చెప్పడం మంచిది. నాచారంలో సగం మంది ఆ తీగ నేనే సప్లయ్ చేశానని అనుకున్నారు. నేను అమ్మేది మోటర్లకు చుట్టే రాగి తీగ, బేరింగులు, కెపాసిటర్లు, వార్నిష్. నా దుకాణాన్ని ఆనుకుని ఉన్న రేకుల షెడ్డులో బావ కాలిపోయిన మోటర్లకు మళ్లీ తీగ చుడతాడు. మా అక్క సారలమ్మ భర్త. ఆయన తీగ నా దగ్గర కొంటాడు. ఆయన దగ్గరికి మోటరు మోసుకొచ్చినవాడు ఎలాగూ వచ్చాను కదా అని నా దగ్గర బేరింగ్ కొంటాడు. చుట్టరికం పక్కన పెట్టి చూసినా ఆయన బతికి ఉండటం నాకు లాభమే. చుట్టరికం కలుపుకుంటే ఇంకొంచెం ఎక్కువ లాభం.

ఎండాకాలం చివర్లో ఒక మధ్యాహ్నం ఆయన మోటరు మీదకు వంగినవాడు వంగినట్టే పడిపోయాడు. కాసేపటికి తనే లేచి కూర్చుని, కరెంటు పోయిందా అని అడిగాడు. ఫ్యాను తిరుగుతూనే ఉంది. ఆ వారంలోనే మళ్లీ పడ్డాడు. ఈసారి వార్నిష్ డబ్బా కూడా పడింది. అప్పుడు ఉప్పల్‌లో గుండె డాక్టరు దగ్గరికి తీసుకుపోయాం. డాక్టర్ విజయభాస్కర్ గోదావరి వైపు మనిషి, మెల్లగా మాట్లాడతాడు. ఈసీజీ కాగితం బల్ల మీద పరిచి విషయం చెప్పాడు. గుండె పై గదిలో పుట్టే విద్యుత్తు సంకేతం కింది గదికి దిగితేనే కింది గది కొట్టుకుంటుంది. బావకు మధ్యలో దారి తెగిపోయింది. కింది గది ఎవరి మాటా వినపడక తనకు తోచినప్పుడు నెమ్మదిగా కొట్టుకుంటోంది. ఏదో ఒక రోజు అదీ మానేయవచ్చు.

నేను దాన్ని నా లెక్కలోకి మార్చుకున్నాను. ఆఫీసులో ఆర్డర్లు రాస్తున్నారు, గోడౌన్‌కు చేరడం లేదు. గోడౌన్‌లో ఉన్న మనిషి బుద్ధి పుట్టినప్పుడు ఒక లారీ పంపుతున్నాడు. అలాంటి వ్యాపారం ఎన్నాళ్లు నడుస్తుందో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. పేస్‌మేకర్ పెట్టించాలంటే పెట్టించాల్సిందే అన్నాను.

బావ ఒప్పుకోలేదు. అక్క ఏడ్చింది, ఒప్పుకోలేదు. చివరికి ఆ యంత్రం అమ్మే కంపెనీ తరఫున గీతిక అనే అమ్మాయి ఒక నమూనా తెచ్చి చూపించింది. పలచటి లోహపు డబ్బా, అంచులు అరిగిన గులకరాయిలా ఉన్నాయి. అరచేతిలో పట్టి ఇంకా చోటు మిగులుతుంది. అందులో బ్యాటరీ, ఒక చిన్న సర్క్యూట్. డబ్బా నుంచి ఒక తీగ బయలుదేరుతుంది. డబ్బాను ఎడమ భుజం కింద చర్మం లోపల పెడతారట. తీగను అక్కడి రక్తనాళం గుండా గుండె కింది గది దాకా దింపుతారట.

బావ ఆ తీగను తీసుకుని వెలుతురుకు పట్టాడు. పైన సిలికాన్ తొడుగు, లోపల వెంట్రుక లాంటి తీగను స్ప్రింగులాగా చుట్టి ఉంది.

"ఇది సుట్టిందెవరమ్మ?" అని అడిగాడు.

ఫ్యాక్టరీలో యంత్రం చుడుతుందని గీతిక చెప్పింది. నేరుగా ఉన్న తీగ గుండె కొట్టుకున్నప్పుడల్లా వంగి వంగి విరిగిపోతుంది, చుట్టిన తీగ విరగదు, అందుకని అలా చేస్తారట. తీగ కొసన చిన్న చిన్న కొక్కేలు ఉన్నాయి. అవి గుండె లోపలి కండ పోగుల్లో చిక్కుకుని నిలబడతాయి. కొసకు ఒక లోహపు మొన, దానికి కాస్త వెనక ఒక లోహపు ఉంగరం. కరెంటు మొనలోంచి వెళ్లి ఉంగరంలోంచి తిరిగొస్తుంది.

"పోను ఒకటి, రాను ఒకటి," అన్నాడు బావ. తీగను అటూ ఇటూ వంచి, చుట్ల మధ్య ఎడం అంతటా ఒక్కలాగే ఉందని గమనించాడు. అక్క కన్నీళ్లు చేయలేని పని ఆ ఎడం చేసింది. ఆపరేషన్‌కు ఒప్పుకున్నాడు.

నేను అడగాల్సినవి నేను అడిగాను. ఇది రాత్రింబవళ్లు కరెంటు కొడుతూనే ఉంటుందా అన్నాను. లేదంది గీతిక. ముందు వింటుందట. గుండె తనంతట తాను వేళకు కొట్టుకుంటే ఊరుకుంటుంది, వేళ దాటితేనే ఒక దెబ్బ ఇస్తుంది. అవసరం పడ్డప్పుడే సరుకు దింపే సప్లయర్ అన్నమాట. ఇన్నేళ్ల వ్యాపారంలో నాకు అలాంటివాడు తగల్లేదు. ఎంత కరెంటు ఇవ్వాలో ఎలా తెలుస్తుందని అడిగాను. గుండెను కదిలించడానికి చాలినంత కనీసం ఎంతో తగ్గిస్తూ తగ్గిస్తూ కనుక్కుంటారట. తర్వాత దానికి రెట్టింపు పెడతారట. గుండె దగ్గర కూడా మార్జిన్ చూసుకుంటారని నేను అనుకోలేదు. ఆ కంపెనీ మీద నాకు గౌరవం కలిగింది.

ఆపరేషన్ బాగా జరిగింది. మత్తు అక్కడి వరకే ఇచ్చారు కాబట్టి బావ మెలకువగా ఉండి డాక్టరును ప్రశ్నలు అడిగాడట. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు జాగ్రత్తలు చెప్పాడు. ఎడమ చేయి భుజం పైకి లేపకూడదు. ఫోను ఎడమ జేబులో పెట్టకూడదు. వెల్డింగు దగ్గరికి పోకూడదు. డబ్బాను తాకుతూ ఉండకూడదు. బావ అన్నిటికీ తలాడించాడు.

మేం ఆ జాగ్రత్తలను వ్యాపారం లాగే నడిపించాం. షెడ్డుకు అవతలి పక్క రమేష్ గేట్లు చేస్తాడు. అతని వెల్డింగ్ మిషన్ గోడకు ఇవతల బావ బల్ల. వెల్డింగు మిషన్ కరెంటు దగ్గరగా ఉంటే పేస్‌మేకర్ దాన్ని గుండె చప్పుడని పొరబడి ఊరుకోవచ్చని గీతిక చెప్పింది. రమేష్‌తో మాట్లాడి మిషన్‌ను వాళ్ల షెడ్డు చివరికి జరిపించాను. బావ బల్లను నా గోడౌన్ వైపు లాగించాను. అక్క ఫోనును ఆయన కుడి జేబులో పెట్టి ఆ జేబుకు గుండీ కుట్టింది. పనిముట్ల పెట్టెలోంచి అయస్కాంతం తీసి బియ్యం డబ్బాలో దాచింది. ఎడమ చేయి పైకి లేవకుండా తువ్వాలుతో నడుముకు కట్టేసింది. బయటి నుంచి ప్రమాదం వచ్చే దారులన్నీ లెక్కపెట్టి మూసేశాం. కుడిచేయి ఖాళీగా ఉందన్న సంగతి ఎవరి లెక్కలోకీ రాలేదు.

బావ సన్నటి మనిషి. వయసుకు చర్మం వదులైంది. ఆపరేషన్ వాపు తగ్గాక ఆ చర్మం కింద డబ్బా కాస్త ఆడటం మొదలుపెట్టింది. ఇక్కడ ఆయన పని గురించి ఒక మాట చెప్పాలి. మోటరు లోపల గాళ్లు, అంటే పొడుగాటి సన్న కాలవలు, ఉంటాయి. చుట్టిన తీగను ఆ గాళ్లలో కూర్చోబెట్టి, పైన వెదురు బద్ద దిగ్గొట్టి బిగిస్తారు. కాయిల్ గాడిలో వదులుగా ఉంటే మోటరు తిరిగినప్పుడల్లా అదిరి, తీగ మీది పూత రాసుకుపోయి, కాలిపోతుంది. బావ జీవితమంతా వదులుగా ఉన్నదాన్ని వేలితో తడిమి పట్టుకుని బిగించడమే. నా దుకాణంలో స్టూలు ఆడినా దాని కింద అట్టముక్క పెట్టి గానీ కూర్చోడు.

డబ్బా లోపల ఆడుతున్నదని ఆయన నాతో అన్నాడు. డాక్టరుకు చెబుదామా అన్నాను. ఇంత దానికి డాక్టరు ఎందుకు, నేను చూసుకుంటా అన్నాడు. చూసుకుంటానంటే దిండు పెట్టుకుని పడుకుంటాడేమో అనుకున్నాను.

ఆయన చూసుకున్న తీరు తర్వాత తెలిసింది. చొక్కాలోకి కుడిచేయి పోనిచ్చి, బొటనవేలితో డబ్బాను ఒత్తి, ఒక పక్కకు తిప్పేవాడు. తిప్పితే కాస్త బిగిసేది. సాయంత్రానికి మళ్లీ వదులయ్యేది. మళ్లీ తిప్పేవాడు. రోజురోజుకూ నయంగా ఉందని ఆయనకు అనిపించింది, ఎందుకంటే తిప్పిన కొద్దీ బిగుతు నిలుస్తోంది. మల్లాపూర్ నుంచి వచ్చే వైండింగ్ మేస్త్రీలకు కూడా చూపించాడు. వాళ్లు వేలితో నొక్కి చూసి, సరిగ్గానే కూర్చుందని చెప్పి, టీ తాగి వెళ్లిపోయారు. చొక్కాలో చేయి నేనూ చూశాను. కుట్లు మానేటప్పుడు దురద పెడుతుంది కదా అనుకున్నాను.

తర్వాత వెక్కిళ్లు పట్టుకున్నాయి. మామూలు వెక్కిళ్లు కావు, ఒకదానికొకటి సరిగ్గా ఒకే ఎడంలో వచ్చేవి. అక్క చక్కెర పెట్టింది. ఊపిరి బిగబట్టమంది. వెనక నుంచి వచ్చి భయపెట్టమని రమేష్ సలహా ఇచ్చాడు. గుండె ఆపరేషన్ అయినవాడిని వెనక నుంచి భయపెట్టడం ఎవరి ఖాతాలో పడుతుందని నేను అడిగితే వెనక్కి తగ్గాడు. తర్వాత వెక్కిళ్లు వాటంతట అవే పోయాయి. అందరం సంతోషించాం. అక్క శనివారం గుడికి కూడా వెళ్లొచ్చింది.

వెక్కిళ్లు పోయిన చోట ఎడమ భుజం ఎగరడం మొదలుపెట్టింది. గడియారం ముల్లు లాగా టక్కు టక్కున, ఒకే తూకంలో. బావకు అది నచ్చింది. ఇంతకుముందు మిషన్ నడుస్తోందని నమ్మాల్సి వచ్చేది, ఇప్పుడు కళ్లకు కనిపిస్తోంది. బేరింగ్ కోసం వచ్చిన గిరాకీలు నిలబడి చూసేవాళ్లు. ఒకాయన నారపల్లి నుంచి తమ్ముణ్ని తీసుకొచ్చి చూపించుకుపోయాడు. కట్టు విప్పిన ఎడమ చేత్తో పట్టుకున్న తీగ వణుకుతోందని బావ పని కుడిచేతికి మార్చుకున్నాడు.

అయితే భుజం ఎంత హుషారుగా ఉందో మనిషి అంత హుషారుగా లేడు. మొహం బూడిద రంగుకు తిరిగింది. పాదాలు వాచి చెప్పులు పట్టడం లేదు. ఒకరోజు అక్క అన్నం గిన్నె తీసుకుని దుకాణానికి వచ్చి, బావకు వినపడకుండా నాతో చెప్పింది.

"ఇంటి మెట్లు ఎక్కుతలేడు తమ్మీ. రెండెక్కి గోడ వట్టుకుంటుండు. ఆపరేషన్ ముందు గిట్లనే ఉండె."

నేను షెడ్డులోకి వెళ్లి బల్ల ఎదుట కూర్చున్నాను.

"హాస్పిటల్‌కు పోదం బావా," అన్నాను.

"ఎందుకు?"

"నీ భుజం ఎగురుతున్నది."

"మిషిన్ నడుస్తున్నది గాబట్టి ఎగురుతున్నది. నడవకపోతే ఎగురుతదా?"

అక్క భయపడుతోందని చెప్పాను.

"మీ అక్క మిక్సీకి గూడ భయపడ్తది."

నా వెనకే వచ్చిన అక్క గిన్నె మూత తీసి బల్ల మీద పెట్టింది. నేను ఇంకో వైపు నుంచి వచ్చాను. అంత ఖరీదైన వస్తువుకు గ్యారంటీ ఉంటుంది, చూపించడంలో తప్పేముంది, బాగుంటే బాగుందంటారు అన్నాను. అప్పుడు అసలు కారణం బయటికి వచ్చింది.

"ఆ డాక్టర్ సాబు మంచిగ జేసిండు. కుట్లు సుత పూర మానలే. గప్పుడే వాపస్ తీస్కపోయి ముందల వెడితే ఆయన ఇజ్జత్ ఏం గావాలె? పది మంది సూస్తరు గద. నా షెడ్డుల నుంచి పోయిన మోటర్ ఒక్కటన్న వాపస్ వచ్చిందా సెప్పు."

ఒకటి వచ్చింది. అన్నోజిగూడ రైస్ మిల్లుది. ఆ రోజు బావ అన్నం తినలేదు. కానీ బేరానికి కూర్చున్నప్పుడు ఎదుటివాడి పాత నష్టం ఎత్తితే బేరం చెడుతుంది. ఒక మనిషి తన గుండె కంటే డాక్టరు పరువును ఎక్కువ చూసుకుంటుంటే ఏ రేటు చెప్పి ఒప్పించాలో నాకు తెలియలేదు.

నాకు తెలిసిన పని ఒకటే. సరుకు పంపామని ఎవరు ఎంత గట్టిగా చెప్పినా, అందిన చోట చూడకుండా నేను సంతకం పెట్టను. ఆయన కుడి మణికట్టు పట్టుకున్నాను. నాడి దొరకడానికి కొంచెం సేపు పట్టింది. భుజం ఎగిరింది, వేళ్ల కింద ఏమీ లేదు. మళ్లీ ఎగిరింది, ఒకటి తగిలింది. మళ్లీ ఏమీ లేదు. భుజం రెండుసార్లు ఎగిరితే నాడి ఒక్కసారి. కొన్నిసార్లు అదీ లేదు. పైగా ఆ ఒక్కటి కూడా భుజంతో కలిసి రావడం లేదు, దానికి తోచినప్పుడు వస్తోంది.

ఆయన ఎడమ చేతి వేళ్లు తీసుకుని ఆయన కుడి మణికట్టు మీద పెట్టాను. వేళ్లు వణుకుతున్నాయి కాబట్టి అదిమి పట్టుకున్నాను. బావ మోటరులో శబ్దం వినేటప్పుడు చేసినట్టు తల పక్కకు వంచి, కళ్లు మూసుకున్నాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు. తర్వాత కళ్లు తెరిచాడు.

"కరెంటు లోపటికి పోతలేదు భూషణం," అన్నాడు. "బాడీకి గొడుతున్నది."

మోటరులో తీగ చెడి, కరెంటు తిరగాల్సిన చోటికి పోకుండా పైనున్న ఇనుప దిమ్మెకు పాకితే వాళ్లు అలా అంటారు. అలాంటి మోటరును ఒక్క నిమిషం కూడా నడపకూడదు. అది ఆయన తన దగ్గర పని నేర్చుకున్న ప్రతివాడికీ మొదట చెప్పే మాట. ఇప్పుడు డాక్టరు పరువు మాట ఎత్తలేదు. తీగ కోసే పక్కార బల్ల మీదే వదిలేసి లేచాడు. లేచినవాడు బల్ల పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. నేను షట్టర్ దించాను. గిరాకీ ఉన్న వేళ షట్టర్ దించడం నాకు అలవాటు లేదు, రమేష్ బయటికి వచ్చి ఎవరు పోయారని అడిగాడు.

ఆటోలో బావ మా ఇద్దరి మధ్య కూర్చున్నాడు. చిల్కానగర్ దాటేదాకా బాగానే ఉన్నాడు. ఉప్పల్ రింగ్‌రోడ్డు దగ్గర మెట్రో కింద బండ్లు ఆగిపోయాయి. అక్కడ ఆయన తల నా భుజం మీదకు వాలింది. పిలిచాను, పలకలేదు. కళ్లు సగం తెరిచి ఉన్నాయి. మణికట్టు పట్టుకున్నాను, ఏమీ లేదు. మెడ దగ్గర చూశాను, ఏమీ లేదు. ఎడమ భుజం మాత్రం ఎగురుతూనే ఉంది, అదే తూకంలో, అదే వేళకు, ఒక్కటి కూడా తప్పకుండా. ఆ డబ్బా తన పని తాను చేస్తూనే ఉంది. దాని లెక్క ప్రకారం బాకీ ఏమీ లేదు.

అక్క ఆయన మొహం రెండు చేతుల్లో పట్టుకుని పేరు పెట్టి పిలిచింది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె ఆయన్ని పేరుతో పిలవడం నేను మొదటిసారి విన్నాను. ఆటో అబ్బాయి అద్దంలో చూశాడు.

"ఫికర్ జెయ్యకు అమ్మా," అన్నాడు. "కదులుతుండు గద."

నేను బావ ఛాతీ మీద గట్టిగా గుద్దాను. దాని వల్లనో, దానికదేనో, మెడ దగ్గర వేలి కింద ఒక దెబ్బ తగిలింది. ఆగి, ఇంకొకటి. ఆగి, ఇంకొకటి. బావ కళ్లు తెరిచి నన్ను చూశాడు. ఈసారి కరెంటు గురించి అడగలేదు. మిగిలిన దారంతా నేను వేలు తీయలేదు. ఆటో అబ్బాయికి విషయం అర్థమై ఎదురుదారిలో పోనిచ్చాడు.

హాస్పిటల్‌లో మాటలు లేకుండా లోపలికి తీసుకుపోయారు. తొడ దగ్గరి రక్తనాళం గుండా ఒక తాత్కాలిక తీగను గుండెలోకి పంపి, బయట ఉన్న పెట్టెకు కలిపారు. నాడి దారిలో పడింది. గీతిక వచ్చి, చేతిలోని చిన్న పరికరం భుజం మీద ఆనించి, పాత డబ్బా కరెంటును దాదాపు సున్నాకు దించింది. భుజం ఆగింది. ఎగిరీ ఎగిరీ ఉన్న భుజం ఒక్కసారిగా ఆగితే, మనిషి బతికాడని అక్కకు నమ్మకం కలగడానికి కొంతసేపు పట్టింది.

మరునాడు డాక్టరు ఎక్స్‌రే తెరకు పెట్టి చూపించాడు. తీగ గుండెలో లేదు. డబ్బా చుట్టూ దారపు ఉండలాగా చుట్టుకుని ఉంది. కొస వచ్చి కాలర్ బోన్ కింద ఆగింది. డబ్బాను తిప్పిన కొద్దీ తీగ దాని చుట్టూ చుట్టుకుంటూ, గుండెలోంచి కొక్కేలతో సహా ఊడి పైకి వచ్చేసిందని గీతిక చెప్పింది. వచ్చే దారిలో ఊపిరిని ఆడించే నరం పక్కన ఆగింది, అప్పుడు వెక్కిళ్లు. ఇంకా పైకి వచ్చి చేతి నరం పక్కన ఆగింది, అప్పుడు భుజం. వెక్కిళ్లు తగ్గాయని అక్క గుడికి వెళ్లిన శనివారం నిజానికి తీగ ఇంకో స్టేషన్ దాటింది. గుండె చప్పుడు డబ్బాకు వినిపించడం లేదు కాబట్టి అది ఊరుకోవడం మానేసి ప్రతిసారీ కరెంటు ఇస్తూ పోయింది. మంచి సరుకే, వేళకే పంపింది, చిరునామా మారింది.

డాక్టరు మర్యాద తెలిసిన మనిషి. బావ వైపు తిరిగి, కొంతమంది ముసలివాళ్లు నిద్రలో తమకు తెలియకుండానే ఇలా తిప్పేస్తుంటారని అన్నాడు. బయటపడటానికి ఆయన తెరిచిపెట్టిన తలుపు అది.

"నిద్రల గాదు సార్," అన్నాడు బావ. "తెలిసే తిప్పిన. లూజుండె."

"తాకొద్దని చెప్పాను కదండీ."

"సక్కగున్నదాన్ని తాకొద్దన్నరు అనుకున్న."

డాక్టరు కొంచెంసేపు గీతిక వైపు చూశాడు. గీతిక ఎక్స్‌రే వైపు చూసింది. బావ కూడా అటే చూస్తున్నాడు. మంచం మీద ముందుకు వంగి, కళ్లు చిట్లించి, ఆ ఉండను పరిశీలించాడు.

"ఒక సుట్టు మీద ఒక సుట్టు ఎక్కలే," అన్నాడు మెల్లగా. ఆ మాటలో మంచి చుట్టు చూసిన మేస్త్రీ తృప్తి ఉంది. డాక్టరు తెర వెనక దీపం ఆర్పేశాడు.

తర్వాత డాక్టరు నన్నూ అక్కనూ వరండాలోకి పిలిచాడు. పాత తీగ తీసేసి కొత్తది వేస్తానన్నాడు. కానీ మళ్లీ ఇలాగే జరిగితే, ఆటోలో ఆగిన గుండె మళ్లీ మొదలవుతుందని నమ్మకం లేదన్నాడు. రక్తనాళం కూడా ఎన్నిసార్లని తీగలను భరిస్తుంది? తను ఎంత బిగించినా ఆయన వేళ్లు ఆయన దగ్గరే ఉంటాయి, వాటి పూచీ ఇంట్లోవాళ్లదే అన్నాడు. అక్క ఆ వేళ్లకు రాత్రిపూట గుడ్డ సంచి కడతానంది. పగటి సంగతి ఏమిటని నేను అడిగాను. నష్టం ఎక్కడ వస్తుందో తెలిసి, ఆపే దారి తెలియకపోవడం వ్యాపారంలో అన్నిటికంటే చెడ్డ స్థితి.

ఆపరేషన్‌కు ముందు బావ డాక్టరును ఒకటే అడిగాడు. ఈసారి ఎట్లా బిగిస్తారు? డాక్టరుకు విసుగు వచ్చి ఉంటుంది, కానీ కూర్చున్నాడు. కొత్త తీగ కొసకు కొక్కేలు ఉండవు, స్క్రూ మరలాగా ఉంటుంది, తిప్పితే గుండె కండలోకి దిగుతుంది. తీగకు ఒక తొడుగు వేసి దాన్ని కండకు కడతారు. డబ్బాను చర్మం కింద వదలకుండా కండ కిందకు దింపి, దానికున్న రంధ్రంలోంచి దారం పోనిచ్చి కుట్టేస్తారు. ఏం దారం అని బావ అడిగాడు. డాక్టరు నర్సును పంపి పట్టుదారం ప్యాకెట్ ఒకటి తెప్పించాడు. బావ దాన్ని వేళ్లకు చుట్టి రెండుసార్లు లాగాడు. ముడి ఎట్ల వేస్తరు అన్నాడు. డాక్టరు మంచం ఊచకు ముడి వేసి చూపించాడు. బావ లాగాడు. జారలేదు.

"గిది మొదలే జేయాల్సింది సార్," అన్నాడు.

అందరికీ అవసరం ఉండదండీ అన్నాడు డాక్టరు.

కుట్లు మానాక పరీక్షకు వెళ్లాం. మధ్యలో ఆ రోజులన్నీ అక్క ఆయన కుడిచేతిని కాపలా కాసింది. నేను దుకాణంలో కూర్చున్నా నా కన్ను ఆయన చొక్కా గుండీల మీదే ఉండేది. చేయి అటు వెళ్లలేదు. మేం చూడనప్పుడు వెళ్లిందో లేదో తెలియదు.

గీతిక పరికరం ఆనించి, తెర మీద అంకెలు చూసింది. తీగ బాగుంది, బ్యాటరీ బాగుంది. సొంత గుండె ఎంత పనిచేస్తోందో చూడటానికి మిషన్ వేగం కాస్త కాస్త తగ్గిస్తానని బావకు చెప్పింది. తగ్గించింది. తెర మీద గీత సాగిపోయింది. బావ మాటల మధ్యలో ఆగిపోయి, ఎదుటి గోడను ఎక్కడో దూరంలో ఉన్నదాన్ని చూసినట్టు చూశాడు. గీతిక వెంటనే వేగం పెంచింది. గీత మళ్లీ లేచింది. బావ మొహంలోకి రంగు వచ్చింది.

"ఇప్పుడు మొత్తం దాని మీదే నడుస్తున్నారు," అంది గీతిక.

బావ తల ఊపాడు. డాక్టరు వచ్చి కుట్లు చూసి, నొప్పేమైనా ఉందా అని అడిగాడు.

"లేదు సార్. ఈసారి గట్టిగ గూసున్నది."

డాక్టరు చేతిలోని పెన్ను ఆగింది. "మీకెలా తెలుసు?"

అక్క కళ్లు మూసుకుంది.

"ఇంటికొచ్చిన నాడు ఒక్కపారి ఒత్తి సూసిన. కదల్లే."

"తర్వాత?"

"తర్వాత ఎందుకు సార్? గట్టిగున్నదాన్ని ఎవడన్న ముట్టుకుంటడా?"

డాక్టరు నమ్మలేదు. మళ్లీ ఎక్స్‌రే తీయించాడు. తీగ పెట్టిన చోటే ఉంది, డబ్బా వెంట్రుకవాసి తిరగలేదు. అయినా చీటీ మీద తాకరాదు అని పెద్ద అక్షరాలతో రాసి కింద గీత గీశాడు. నాకు ఆ చీటీ అవసరం లేదనిపించింది. ఇన్నేళ్లుగా ఆయనకు తీగ అమ్ముతున్నాను. గట్టిగా కూర్చుందని ఒకసారి ఒప్పుకున్న కాయిల్‌ను బావ రెండోసారి తడమడం నేను చూడలేదు. ఆ రోజు నుంచి ఆయన చొక్కా గుండీల మీది నా కన్ను తీసి గిరాకీ మీద పెట్టాను.

అక్క లెక్క వేరు. తిరిగి వస్తుంటే ఆటోలో ఆయన కుడిచేయి తీసుకుని తన ఒళ్లో పెట్టుకుని రెండు చేతులతో పట్టుకుంది. చిల్కానగర్ వచ్చేదాకా వదల్లేదు. బావ దాన్ని ప్రేమ అనుకుని, తమ్ముడు చూస్తున్నాడని ఆమెకు మెల్లగా చెప్పి, దారంతా బయటికి చూస్తూ కూర్చున్నాడు.